ఒకటో తారీఖు లారీలు

ఒకటో తారీఖున ఆ ఊళ్ళో ఏ వీధి మలుపులో నిలబడినా చాలు, కాలక్షేపానికి కొదవుండదు. కాళ్ళు పైకి పెట్టి కట్టిన కుర్చీలు, తాళ్ళతో బిగించిన బీరువాలు, లారీ ముందు సీట్లో గోడ గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని పెళ్ళికూతురిలా బిగుసుకు కూర్చున్న అమ్మమ్మలు, అన్నీ కనిపిస్తాయి. అద్దె ఒప్పందాలు తెగేదీ ఆ రోజే, మొదలయ్యేదీ ఆ రోజే. జీతం కాస్త పెరిగినవాడు కాస్త మంచి వీధికి పోతాడు. వాడు వదిలిన ఇంట్లోకి వాడికంటే ఒక మెట్టు కిందివాడు ఎక్కుతాడు. ఆ కిందివాడి గదిలోకి వాడి కిందివాడు. ఇందులో బ్రహ్మరహస్యమేమీ లేదు, అందరికీ తెలిసిందే. కానీ తెలియడం వేరు, కళ్ళారా చూడడం వేరు. ఆ వరసని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసిన మనిషి నాకు తెలిసి ఇస్త్రీ అక్క ఒక్కతే.

ఇస్త్రీ అక్కది కాలవ గట్టు మీద రేకుల గది. తలుపు ఉంది, కిటికీ లేదు. పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టె కింద తడిబట్టలు ఆవిరి కక్కుతుంటాయి. ఆ ఆవిరి పైకి పోయి రేకులకి తగిలి, చుక్కలు చుక్కలుగా మళ్ళీ వాళ్ళ నెత్తి మీదే పడుతుంది. గోడలకి ఎప్పుడూ చెమ్మ. ఆరేళ్ళ కూతురికి పడుకుంటే చాలు, గుండెల్లో పిల్లికూతలు. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరు, "మందులు నేనిస్తానమ్మా, గాలి మాత్రం మీరే ఇవ్వాలి" అన్నాడు. గాలి ఏ కొట్లో దొరుకుతుందో ఆయన చెప్పలేదు.

అక్క మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. ఈమధ్యే హెడ్ మెకానిక్కు అయ్యాడు. జీతం పెరిగిందన్న కబురు ఇంటికి తెచ్చిన రోజున అక్క కొత్త బట్టల మాట ఎత్తలేదు, "గది చూడు" అంది. వెతగ్గా వెతగ్గా బడి వెనక సందులో, మేడ మీద ఒక గది దొరికింది. దానికి తూర్పు వైపు రెండు రెక్కల కిటికీ ఉంది. అక్క ఆ గదికి వెళ్ళి నేల ఎలా ఉందో చూడలేదు, కుళాయి తిప్పి చూడలేదు. కిటికీ రెక్కలు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. అప్పటికి ఆ గదిలో అద్దెకున్న డ్రాయింగు మాస్టారి తల్లి ఈవిడకేమైనా తిక్కేమోనని ముక్కున వేలేసుకుని చూసింది.

"నువ్వు అద్దెకి తీసుకునేది గదినా, కిటికీనా?" అన్నాడు మొగుడు.

"కిటికీనే. గది దానితోపాటు వస్తోంది" అంది అక్క.

అలా ఆ ఒకటో తారీఖు పొద్దున్నే గదిలో సామానంతా తోపుడు బండి మీదికెక్కింది. అన్నిటికంటే పైన ఒక పెద్ద మూట. అది వాళ్ళది కాదు. పెద్ద బజారులో లాండ్రీ నడిపే ఆయన ఇస్త్రీకిచ్చిన పరదాలు. ఆయన కొట్టుకి వచ్చే బట్టల్లో సగం అక్క చేతి మీదుగానే పోతాయి. బోర్డు మీద మాత్రం 'అన్నీ మెషిన్ల మీదే' అని రాయించాడు. ఈ సంగతి బయట ఎక్కడా అనకూడదని అక్కకి మరీ మరీ చెప్పాడు, అక్కా నోరు మెదిపేది కాదు. కూడు పెట్టే పని. ఆ పరదాలు ఎంత పొడుగంటే, గదిలో చాలక సగం గడప దాటించి వీధిలో చాప మీద పరిచి ఇస్త్రీ చేయాల్సివచ్చింది. ఇంత పొడుగు కిటికీలు ఎక్కడుంటాయి, ఏ నాటకాల హాలువో అయ్యుంటాయి అనుకుంది అక్క. "నేను కూడా ఇల్లు మారుతున్నా, ఒకటో తారీఖున కొట్టు తియ్యను. రెండో తారీఖున తెచ్చివ్వు" అన్నాడు లాండ్రీ ఆయన. సరేనని శుభ్రమైన దుప్పట్లో మూటకట్టి బండి నెత్తిన పెట్టింది. కూతురు ఆ మూట మీదెక్కి కూర్చుని, అంబారీ మీద రాణిలా దారిన పోయేవాళ్ళకి చేతులూపింది.

వీళ్ళ కుడికాలు బయటపడిందో లేదో, ఆ రేకుల గదిలో కొత్తవాళ్ళ కుడికాలు లోపల పడింది. అతను రొట్టెల బట్టీలో పనికి కుదిరిన కుర్రాడు. పెళ్ళాం ఇంకా చిన్నపిల్ల. ఇన్నాళ్ళూ ఎవరి వరండాలోనో తెర కట్టుకుని కాపురం చేశారట. ఆ పిల్ల గదిలోకొచ్చి, గోడలన్నీ తడిమి, "తలుపుకి గడియ కూడా ఉంది చూడు!" అని మొగుడితో అంటుంటే అక్కకి నవ్వొచ్చింది, ఎందుకో కాస్త చిరాకు కూడా వేసింది.

తీరా బడి వెనక సందుకి చేరేసరికి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. మాస్టారి సామానంతా మెట్ల మీద, పైకి వెళ్ళే దారి లేకుండా వరసగా పేర్చి ఉంది. మెట్లకి పైన మాస్టారు, కింద ఆయన తల్లి కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, ఇంకా కదల్లేదేం?"

"నేను కదలడానికి ఎప్పుడో సిద్ధమమ్మా. కొట్ల వీధిలో నేను చేరే పోర్షన్లో నర్సమ్మగారున్నారు, ఆవిడ కదల్లేదు. ఆవిడ కదలకుండా నేను కదిలితే వీధిలో బొమ్మలేసుకోవాలి."

చూస్తుండగానే ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ తరవాత ఎండ పోయింది, పడమర నుంచి నల్లటి మబ్బు లేచింది. అక్క మొగుడు బండి చక్రానికి రాయి అడ్డంపెట్టి, "ఇల్లు అలకగానే పండగ కాదే" అన్నాడు తాపీగా. బస్సుల కింద పడుకుని పనిచేసేవాడికి ఓపిక ఎక్కువ. అక్కకి లేదు. వాన పడితే పరుపు తడుస్తుంది, పరుపు తడిస్తే పిల్ల రొమ్ము పట్టేస్తుంది. పోనీ సామాను కాసేపు పాత గదిలో పెట్టుకుందామని కాలవ గట్టుకి పరిగెత్తింది.

ఆ గది అప్పుడే ఆమె గది కాదు. చాప పడింది, పొయ్యి వెలిగింది, ఇస్త్రీ బల్ల ఉండే మూల బియ్యం డబ్బా ఎక్కి కూర్చుంది. రొట్టెల కుర్రాడి పెళ్ళాం సంబరంగా ఎదురొచ్చింది.

"రా అక్కా, కూర్చో. మొహమాటపడకు, నీ ఇల్లే అనుకో."

నిన్నటిదాకా తన ఇల్లే కదా మరి! అక్క కూర్చోలేదు. సామాను పెట్టుకోవడానికి అక్కడ చేటంత చోటు కూడా మిగల్లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆమెకి అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఈ రాత్రికి పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలన్న ఆలోచన ఒక్కటే బుర్రలో గిర్రున తిరిగింది. మళ్ళీ సందుకి వచ్చి మొగుడితో అంది, "ముడి ఎక్కడ పడిందో నేను చూసొస్తా."

"వెళ్ళు. నాకు చేతులున్నాయి గానీ నీకు నోరుంది" అన్నాడతను. కూతురు మూట మీదే ముడుచుకుని నిద్రపోతోంది.

కొట్ల వీధి పెద్ద దూరమేమీ కాదు. నర్సమ్మ ఇంటి ముందు లారీ నిండా సామాను, లారీ కింద నీడలో డ్రైవరు గురక. ఆవిడ ఆస్పత్రిలో పెద్ద నర్సయింది, పార్కు పక్క అపార్టుమెంటులోకి మారుతోంది. చుట్టిన పరుపు మీద కూర్చుని, సూది పొడిచేముందు మాట్లాడే మెత్తటి గొంతుతో, "చూడమ్మా, నాకు సాయంత్రం డ్యూటీ ఉంది. నేను ఇప్పటికి నాలుగుసార్లు కోపం తెచ్చుకుని నాలుగుసార్లు మింగాను. ఆ బ్యాంకాయన ఖాళీ చేస్తే కదా నేను ఇక్కడ తాళంచెవి ఇచ్చి వెళ్ళేది?" అంది. అక్క వెనక్కి తిరుగుతూ ఆ ఖాళీ పోర్షన్లోకి తొంగిచూసింది. రెండు గదులు, గదికొక కిటికీ. మాస్టారు అదృష్టవంతుడు అనుకుంది.

అక్కడి నుంచి పార్కు రోడ్డు. ఆ రోడ్డు వైపు అక్క ఎప్పుడూ పనిగట్టుకుని వచ్చింది లేదు. అడుగు పెట్టగానే ఒకటి తోచింది. వీధి వీధికీ చప్పుడు తగ్గిపోతోంది. కాలవ గట్టు మీద పక్కింటివాళ్ళ దగ్గు కూడా మనింట్లోనే వినిపిస్తుంది. సందులో అది కాస్త తగ్గింది, కొట్ల వీధిలో ఇంకాస్త తగ్గింది, ఇక్కడికొచ్చేసరికి పిట్టల కూత వినిపిస్తోంది. చెట్లు పెరిగాయి, మనుషులు తగ్గారు. కిటికీలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. బ్యాంకాయన ఫ్లాటులో గోడకి బదులు ఒక అద్దం తలుపు, దాని అవతల బాల్కనీ. ఇంటిలోపల అట్టపెట్టెల మీద 'పగిలేవి' అని రాసిపెట్టారు. వాటి మీద ఆలుమగలు ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉన్నారు, పగిలేది ముందు వాళ్ళేనేమో అన్నట్టు.

"నన్నేం చేయమంటావమ్మా?" అన్నాడు బ్యాంకాయన, అక్క ఎవరో కూడా అడక్కుండా. పొద్దుటి నుంచి ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉన్నారు కాబోలు. "తోటల పేటలో పైపుల కంపెనీ ఆయన ఇల్లు మేం కొన్నాం. ఆయన కొత్త మేడలోకి పోవాలి. పొద్దున్నే ఖాళీ చేస్తానన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా 'చిన్న సమస్యండీ' అంటాడు. ఏ సమస్యో చెప్పడు."

"చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు" అంది భార్య.

అక్కకి కాళ్ళు లాగుతున్నాయి, కానీ ఇప్పుడు ఆగబుద్ధి కాలేదు. ఒకరి వెనక ఒకరు, ఒకరి వెనక ఒకరు, ఎంతమంది! పైన ఎవరో కుర్చీలోంచి లేవలేదని ఊరి అవతలి చివర తన పిల్ల బండి మీద పడుకుని ఉంది. ఆ పైవాళ్ళకి తనెవరో తెలియదు, తనకి వాళ్ళెవరో తెలియదు. తెలియకుండానే ఇందరూ ఒకే తాటికి కట్టి ఉన్నారు. ఆమెకి ఒళ్ళు జలదరించింది. భయం కాదు, ఏదో పెద్ద యంత్రం మూత తీసి చూసినట్టుంది. డిపోలో ఇంజను మూత తీసినప్పుడు తన మొగుడు కూడా ఇలాగే చూస్తాడేమో.

తోటల పేటలో ఇళ్ళు రోడ్డుకి దూరంగా, తమ పనేదో తాము చూసుకుంటున్నట్టు ఉంటాయి. పైపులాయన గేటు తెరిచే ఉంది. రెండు పెద్ద లారీలు తాళ్ళు బిగించి ముఖం బయటికి పెట్టుకుని నిలబడ్డాయి. పైపులాయన గడ్డి మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. తోట మధ్యలో, లారీ ఎక్కకుండా మిగిలిన ఒక్క కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసిన మనిషి. కదలనని మొహం మీదే రాసి ఉంది.

"అమ్మా, తమరు ఎప్పుడు బయల్దేరుతారో కనుక్కుందామని..." అని అక్క మొదలుపెట్టింది.

"పరదాలు వచ్చాక" అంది ఆవిడ.

"ఏంటమ్మా?"

"పరదాలు. నువ్వు ఆ మేడ చూడలేదు కదా? అది ఇల్లు కాదు, అద్దాల పెట్టె. పై అంతస్తు మొత్తం మాదే, ఈ గోడ లేదు, ఆ గోడ లేదు, నాలుగు వైపులా అద్దమే. పరదాలు కుట్టించి, సాపు చేయించమని లాండ్రీకి ఇస్తే, ఆ లాండ్రీవాడు ఈరోజే ఇల్లు మారుతున్నాడట, కొట్టు మూసేశాడు. ఫోను ఏ మూటలో పడి మోగుతోందో! నేను మాత్రం పరదాల్లేకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టేది లేదు."

"అంత ఎత్తున ఎవరు చూస్తారే?" అన్నాడు పైపులాయన. ఆ మాట పొద్దుటి నుంచి చాలాసార్లు అన్నట్టున్నాడు, గొంతులో పస లేదు.

"వాళ్ళకి నేను కనిపిస్తానని కాదు. నాకు వాళ్ళు కనిపిస్తారు."

అక్క బుగ్గ నొక్కుకుంది. కిటికీ లేక తను ఏడుస్తుంటే, కిటికీ ఎక్కువై ఈవిడ ఏడుస్తోంది! ఆ తరవాత మెల్లగా ఇంకో సంగతి తలకెక్కింది. లాండ్రీ. పెద్ద బజారు. ఇల్లు మారుతున్నాడు.

"ఆ పరదాలు... గోధుమరంగువా అమ్మా? కింద అంచుకి ఒత్తుగా మడత?"

"అవును. నీకెలా తెలుసు?"

ఒక్క క్షణం అక్క అడకత్తెరలో పోకచెక్క అయింది. చెబితే లాండ్రీ ఆయన మెషిన్ల బండారం బయటపడుతుంది, ఆయనిచ్చే పని తనకి పోతుంది. ఈ ఊళ్ళో ఇందరిని నడివీధిలో నిలబెట్టిన మనిషివి నువ్వా అని అందరూ కలిసి తిట్టినా తిట్టొచ్చు. చెప్పకపోతే? మోచేతి మీద టప్పున ఒక చినుకు పడింది.

"అవి నా దగ్గరే ఉన్నాయమ్మా" అంది. "నేనే ఇస్త్రీ చేశాను. మా సామాను బండి మీద ఉన్నాయి. మా అమ్మాయి వాటి మీద పడుకుని ఉంది."

"మరి అన్నీ మెషిన్ల మీదేనన్నాడు?"

అక్క రెండు చేతులూ చూపించింది. "ఇవేనమ్మా ఆ మెషిన్లు."

పైపులాయన భార్య ఆ చేతుల వంక చూసింది. చూసి, కుర్చీలోంచి లేచింది. ఆవిడ లేవడం చూసి ఆయన "అమ్మయ్య" అని పైకే అనేశాడు.

ఆ తరవాత కథంతా పరుగే. వాళ్ళ కారులో అక్క ముందు సీట్లో కూర్చుంది. వచ్చిన దారినే వెనక్కి పోతూ, పార్కు రోడ్డు మీద కిటికీలోంచి తల బయటపెట్టి, "సార్, పెట్టెలు దించండి! కదులుతున్నారు!" అని కేకేసింది. కొట్ల వీధిలో, "నర్సమ్మగారూ, డ్రైవర్ని లేపండి!" అంది. నర్సమ్మ కారులో ఉన్నదెవరో పోల్చుకునేలోపే కారు దాటిపోయింది. సందులోకి కారు పట్టలేదు. అక్క దిగి పరిగెత్తి, కూతుర్ని లేపి, మూట లాగింది. సంగతి విన్న మొగుడు బండి పట్టుకుని పడీ పడీ నవ్వాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటే వినడమే గానీ, చూడడం ఇదే! పొద్దుటి నుంచి మన దారికి అడ్డం మన బండేనన్నమాట."

"నవ్వింది చాలు గానీ పరుపు మీద టార్పాలిన్ కప్పు" అంది అక్క. కూతురు మూట వదలనని మొండికేసింది. మూటతోపాటు దాన్ని కూడా కారెక్కించారు.

ఆ మేడ కింద నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. లిఫ్టులో పిల్ల చెవులు మూసుకుంది, అక్క కళ్ళు మూసుకుంది. తలుపులు తెరుచుకున్నాక ఒక పెద్ద ఖాళీ గదిలోకి వచ్చి కళ్ళు తెరిచింది. తెరిచి, అలాగే నిలబడిపోయింది.

ఊరు. మొత్తం ఊరు. ఇన్నాళ్ళూ తను ఏ గోడ పక్క నుంచో, ఏ సందు చీలికలోంచో ముక్కలు ముక్కలుగా చూసిన ఊరు, ఒక్క దుప్పటిలా కింద పరిచి ఉంది. మబ్బు ఒక పక్కకి జరిగి ఎండ ఏటవాలుగా పడుతోంది. మేడ చుట్టూ తోటల పేట పచ్చగా, మనిషి జాడ లేకుండా ఉంది. దాని అవతల పార్కు రోడ్డు, పెద్ద పెద్ద గళ్ళు. ఆ అవతల కొట్ల వీధి, గళ్ళు చిన్నవయ్యాయి. ఇంకా దూరంగా సందులు, గళ్ళు కూడా కనిపించనంత ఒత్తుగా కప్పు మీద కప్పు. అన్నిటికంటే చివర, సన్నటి వెండి తీగలా కాలవ. దాని గట్టు మీద రేకులు ఎండకి తళుక్కుమంటున్నాయి. ఇందాక తను కాళ్ళీడ్చుకుంటూ నడిచిన దారంతా అదే. ప్రతి కప్పు కిందా ఎవరో ఒకరు ఇంకొంచెం గాలి, ఇంకొంచెం వెలుతురు, ఇంకో గది కావాలనుకుంటూ ఉన్నారు. పక్కవాడు లేస్తేనే వీళ్ళు కూర్చోగలరు. ఇంత ఊరూ ఇలా ఒకరి మీద ఒకరు ఆనుకుని, ఇంత నిశ్శబ్దంగా కదులుతూ ఉంటుందా? అక్కకి ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు. ఇంత పెద్దదాన్ని చూడ్డానికి రెండు కళ్ళు చాలలేదు, అంతే.

"అమ్మా, మన ఇల్లేదే?" అంది పిల్ల అద్దానికి ముక్కు ఆనించి.

"ఇంకా లేదే. వస్తోంది."

వెనక నుంచి పైపులాయన భార్య వచ్చింది. అద్దం వైపు చూడకుండా, గది మధ్యలో నిలబడి అడిగింది. "కాలవ గట్టు కనిపిస్తోందా?"

"కనిపిస్తోందమ్మా. నిన్నటిదాకా మేం ఉన్నది అక్కడే."

"నేను పుట్టింది అక్కడే" అంది ఆవిడ. "వంతెన పక్కన మూడో గది. కిటికీ ఉండేది కాదు. పైపుల పని నేర్చుకున్నవాణ్ణి చేసుకుని అక్కణ్ణుంచి సందులోకి, సందులోంచి కొట్ల వీధికి, అలా అలా ఎక్కుతూ వచ్చాం. మారిన ప్రతి ఇంట్లోనూ వెనక్కి తిరిగి చూస్తే పాత ఇల్లు కనపడేది కాదు, హాయిగా ఉండేది. ఇక్కడ అన్నీ ఒకేసారి కనిపిస్తున్నాయి. మొన్న చూడ్డానికొచ్చినప్పుడు కళ్ళు తిరిగి పడబోయాను. ఇంత దూరం వచ్చానా అని."

అక్క నోరు వెళ్ళబెట్టి ఆవిడ వైపు చూసింది. వంతెన పక్కన మూడో గది! ఆ గదిలో ఇప్పుడు చెప్పులు కుట్టే తాత ఉంటున్నాడు. ఆ గదికీ ఈ గదికీ మధ్య ఒక మనిషి బతుకంత దారి ఉంది, ఆ దారి నడిచిన మనిషి మామూలుగా, జుట్టు నెరిసి, చెప్పుల్లేకుండా ఎదురుగా నిలబడి ఉంది. మేడ ఎత్తు కంటే అక్కకి ఇదే ఎక్కువ ఎత్తనిపించింది.

పరదాల మీద పిల్ల పడుకున్నచోట ముడతలు పడ్డాయి. అక్క అక్కడే నేల మీద పరిచి అరచేతులతో మళ్ళీ సాపు చేసింది. ఇల్లంతా వెతికినా ఇస్త్రీ పెట్టె లేదు, బల్ల లేదు గానీ, ఆ నేల మీద మాత్రం పరదా మొత్తం ఒకేసారి పట్టింది. ఒకటొకటే తగిలిస్తూ వచ్చారు. ఒక్కొక్క పరదాకి ఊరు కొంచెం కొంచెం మూసుకుపోయింది. చివరి పరదా చేతిలో ఉండగా అక్క ఆగింది.

"ఒక్క నిమిషం అమ్మా."

తోటల పేట గేటులోంచి లారీ బయటికొచ్చింది, పైన పరుపులతో, అగ్గిపెట్టంత. దాని వెనక రెండోది. అవి మలుపు తిరిగాయి. కాసేపు ఏమీ లేదు. తరవాత పార్కు రోడ్డులో చెట్ల కింద నుంచి ఇంకొకటి మెల్లగా కదిలి అదే తోటల పేట వైపు ముఖం తిప్పింది. బ్యాంకాయన! అక్క అద్దం మీద అరచేయి ఆనించి చూసింది. కొట్ల వీధిలో ఏదో కదిలినట్టే ఉంది, అంత దూరం నుంచి పోల్చుకోలేకపోయింది. ఆ అవతలవన్నీ కప్పులే. అయినా తెలిసిపోయింది. పార్కు రోడ్డు ఖాళీ అయితే నర్సమ్మ లేస్తుంది, నర్సమ్మ లేస్తే మాస్టారు మెట్లు దిగుతాడు.

పక్కన అలికిడైతే తిరిగి చూసింది. పైపులాయన భార్య కూడా వచ్చి, పరదా అంచు గట్టిగా పట్టుకుని, లారీల వైపు చూస్తోంది.

"మనం చేసిందేనా అదంతా?" అంది చిన్నపిల్లలా.

"మనమేనమ్మా. మీరు లేచారు, అంతే."

ఆవిడ ఇంకాసేపు చూసింది. ఆ తరవాత చివరి పరదా కూడా తగిలించారు.

అక్క సందుకి తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. మెట్ల మీద మాస్టారి సామాను లేదు, మాస్టారూ లేడు. మొగుడు అప్పటికే మంచం కోళ్ళు బిగించి, పరుపు పరిచి, ఇస్త్రీ బల్లని కిటికీ పక్కన వేశాడు. పిల్లని పడుకోబెట్టిన కాసేపటికి వాన అందుకుంది. కిటికీలోంచి తడి గాలి రివ్వున వచ్చి గదంతా తిరిగింది. అక్క పిల్ల గుండె మీద చెవి ఆనించి విన్నది. పిల్లికూతలు పూర్తిగా పోలేదు గానీ, చాలా పల్చబడ్డాయి. లాండ్రీ ఆయన రేపు ఏమంటాడో రేపు చూసుకోవచ్చు.

తలుపు చప్పుడైంది. రొట్టెల కుర్రాడి పెళ్ళాం, నెత్తిన గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉంది. చేతిలో బట్టల మీద నీళ్ళు చల్లే సీసా.

"ఇది మర్చిపోయావక్కా. పొద్దున్నే నీకు పని ఉంటుంది కదాని తెచ్చాను."

"ఈ వానలోనా? రావే, లోపలికి రా" అంది అక్క. పొద్దుటి చిరాకు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ పిల్ల లోపలికొచ్చింది. గోడలు చూడలేదు, నేల చూడలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఒక రెక్క వేసింది, తీసింది. వాన చినుకులు మొహాన పడితే కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది. కాసేపయ్యాక ఇటు తిరిగి, మనసులో మాట దాచుకోవడం ఇంకా రాని వయసు కనక, అడిగేసింది.

"అక్కా, మీరు ఇది ఎప్పుడు ఖాళీ చేస్తారు?"

మంచం మీద మొగుడు నవ్వాపుకోలేక దగ్గాడు. సామాను దించి ఇంకా చెమట ఆరలేదు, అప్పుడే ఖాళీ చేయమంటోంది! అక్కకి కోపం రావాల్సింది. రాలేదు. మాస్టారి తల్లి ముక్కున వేలేసుకుని చూసిన చూపు గుర్తొచ్చింది. అద్దం మీద ఆనించిన తన అరచేయి గుర్తొచ్చింది. కిటికీలోంచి కొట్ల వీధి వైపు చూసింది. అక్కడ రెండు కిటికీల్లో అప్పుడే దీపాలు వెలిగాయి.

"మాస్టారు ఇప్పుడే కదే సామాను దించుకుంది" అంది. "ఆయన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ."

మాస్టారెవరో ఆ పిల్లకి తెలియదు. అయినా సరేనని తలూపి, కిటికీ రెక్కని మళ్ళీ ఒకసారి వేసి, తీసింది.